క్లాసంతా కలిసి తిన్న కేక్
(కార్బ్స్ తక్కువగా ఉండే చాక్లెట్ - కొబ్బరి లేయర్ కేక్: ఎలా చేయాలి, ఎందుకు చేయాలి)



నవంబర్ 14 అనగానే మనకు బాలల దినోత్సవం గుర్తొస్తుంది. అదే రోజు ప్రపంచ మధుమేహ దినోత్సవం కూడా. ఇన్సులిన్‌ను కనుగొన్న శాస్త్రవేత్తల్లో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ 1891లో పుట్టింది ఆ తేదీనే. పిల్లల పండుగ, షుగర్ జబ్బు రోజు ఒకే తేదీకి రావడం గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఈ ఏడాది మా నాలుగో తరగతిలో జరిగిన ఒక సంగతి నన్ను ఆలోచించేలా చేసింది. ఆ పాప తల్లిదండ్రుల అనుమతితోనే, పేరు చెప్పకుండా మీకు రాస్తున్నాను.

నేను చేసిన పొరపాటు

జూలైలో ఒక బాబు పుట్టినరోజుకి క్లాసుకి చాక్లెట్ కేక్ వచ్చింది. మా క్లాసులో ఒక పాపకి టైప్ 1 డయాబెటిస్ ఉంది. సంగతి నాకు ముందే తెలుసు కాబట్టి జాగ్రత్త పడ్డాననుకున్నాను. అందరికీ కేక్ పంచి, ఆ పాపకి మాత్రం నా బాక్సులోంచి ఒక యాపిల్ తీసి ఇచ్చాను. పాప "థాంక్యూ మిస్" అంది. యాపిల్ బ్యాగులో పెట్టుకుంది. రెండు నిమిషాలయ్యాక "మిస్, వాష్‌రూమ్‌కి వెళ్లొస్తా" అని వెళ్లి, పిల్లలంతా తినడం అయిపోయాకే తిరిగొచ్చింది.

మర్నాడు వాళ్ల అమ్మగారు నన్ను కలిశారు. కోప్పడతారేమో అనుకున్నాను. ఆవిడ నెమ్మదిగానే చెప్పారు: "మేడం, మా పాప కేక్ తినకూడదని కాదండీ. అందులో కార్బ్స్ ఎన్ని ఉన్నాయో తెలిస్తే చాలు, దానికి తగ్గ ఇన్సులిన్ ఇస్తాం. యాపిల్‌లో కూడా కార్బ్స్ ఉంటాయి కదండీ. తను ఇంటికొచ్చి ఏడ్చింది కేక్ కోసం కాదు. అందరిలో తనొక్కతికే వేరేది ఇచ్చారని."

అప్పుడు లెక్క చూసుకున్నాను. ఒక మామూలు సైజు యాపిల్‌లో 20 నుంచి 25 గ్రాముల కార్బ్స్ ఉంటాయి. జూలైలో పంచిన చిన్న కేక్ ముక్కలోనూ దాదాపు అన్నే ఉండి ఉంటాయి. అంటే నేను పాపని కాపాడింది ఏమీ లేదు, పక్కన కూర్చోబెట్టానంతే.

టైప్ 1 అంటే ఏమిటి?

మన ఇళ్లలో పెద్దవాళ్లకు వచ్చే షుగర్ ఎక్కువగా టైప్ 2. పిల్లల్లో ఎక్కువగా కనిపించేది టైప్ 1. ఇందులో శరీర రక్షణ వ్యవస్థే పొరపాటున క్లోమ గ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. స్వీట్లు ఎక్కువ తిన్నందువల్ల వచ్చేది కాదు. తల్లిదండ్రుల పెంపకంలో లోపమూ కాదు. అంటుకునేదీ కాదు. "చిన్నప్పుడు చాక్లెట్లు బాగా తినిపించారేమో" అని ఎవరైనా అంటే, దయచేసి అక్కడే సరిదిద్దండి. ఆ మాట ఆ తల్లికి ఎంత బాధో ఆవిడ ముఖంలో చూశాను.

ఇన్సులిన్ లేని రోజుల్లో ఈ పిల్లలకు ఉన్న ఏకైక వైద్యం తిండి తగ్గించడం. ఎముకల గూడు అయ్యేంత వరకు తగ్గించేవారు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ తర్వాత కథ మారింది. ఇప్పుడు ఈ పిల్లలు తినే తిండిలోని కార్బ్స్ లెక్కపెట్టి, డాక్టర్ చెప్పిన కొలత ప్రకారం ఇన్సులిన్ తీసుకుంటారు. ఆ కొలత ఒక్కో బిడ్డకు ఒక్కోలా ఉంటుంది. కాబట్టి వాళ్లకు ముఖ్యమైన ప్రశ్న "ఇది తినొచ్చా?" కాదు, "ఇందులో ఎంత ఉంది?"

ఆ కేక్ పేరు, ఒక అపాస్ట్రఫీ

సెప్టెంబరులో ఆ పాప పుట్టినరోజు. ఆదివారాలు ఓటీజీలో కేకులు చేయడం నాకు సరదా. "ఈసారి కేక్ నేను చేస్తానండీ, గ్రాములతో సహా లెక్క రాసి ఇస్తాను" అని వాళ్ల అమ్మగారికి చెప్పాను. పాపని అడిగితే చాక్లెట్, కొబ్బరి రెండూ కావాలంది.

చాక్లెట్, కొబ్బరి లేయర్ కేకుల్లో బాగా పేరున్నది జర్మన్ చాక్లెట్ కేక్. దీనికి జర్మనీతో సంబంధం లేదు. 1852లో అమెరికాలో శామ్యూల్ జర్మన్ అనే ఆయన ఒక చాక్లెట్ కంపెనీ కోసం తీపి బేకింగ్ చాక్లెట్ తయారుచేశారు. దానికి ఆయన పేరే పెట్టారు: జర్మన్స్ చాక్లెట్. 1957లో టెక్సస్‌లోని డాలస్ పత్రికలో ఒక గృహిణి పంపిన కేక్ రెసిపీ అచ్చయి దేశమంతా పాకింది. వాడుకలో ఆ అపాస్ట్రఫీ, ఎస్ రాలిపోయి మనిషి పేరు కాస్తా దేశం పేరైంది. ఇంగ్లిష్ టీచర్‌ని కాబట్టి ఈ కథ క్లాసులో చెప్పకుండా ఉండలేకపోయాను. ఇప్పుడు మా పిల్లలు అపాస్ట్రఫీ మర్చిపోతే "జర్మన్ కేక్!" అని వాళ్లే ఒకరినొకరు సరిదిద్దుకుంటున్నారు.

ఈ కేకులో ఇంకో సౌకర్యం, కొబ్బరి మిశ్రమం పొరల మధ్య, పైన మాత్రమే ఉంటుంది. పక్కలకు క్రీమ్ పూయనక్కర్లేదు. పని తగ్గుతుంది, కార్బ్స్ కూడా తగ్గుతాయి.

మైదా, చక్కెర చేసే పనులు

మొదటి ఆదివారం చేసిన కేక్ ఇసుకలా రాలిపోయింది. కప్పు మైదాకి బదులు కప్పు కొబ్బరి పిండి వేశాను. అది చేయకూడని పని. ఎందుకో అర్థం కావాలంటే మామూలు కేకులో ఏది ఏ పని చేస్తుందో తెలియాలి.

మైదా తడిస్తే గ్లూటెన్ అనే సాగే వల ఏర్పడుతుంది. గాలి బుడగలను పట్టి ఉంచేది అదే. బాదం పిండిలో, కొబ్బరి పిండిలో గ్లూటెన్ ఉండదు. ఆ పని గుడ్లు చేయాలి. అందుకే గుడ్లు ఎక్కువ పడతాయి. కొబ్బరి పిండి అంటే పాలు, నూనె తీశాక మిగిలిన కొబ్బరిని ఎండబెట్టి మెత్తగా ఆడించినది. పీచు ఎక్కువ కాబట్టి తడిని విపరీతంగా పీల్చేస్తుంది. కొద్దిగా మాత్రమే వాడాలి. ఎండుకొబ్బరి పొడి వేరు, కొబ్బరి పిండి వేరు. రెండూ ఒకటే అనుకుని కొనకండి.

చక్కెర తీపి మాత్రమే ఇవ్వదు. తడి నిలబెడుతుంది, మెత్తదనం ఇస్తుంది, రంగు తెస్తుంది. దానికి బదులు నేను వాడింది ఎరిత్రిటాల్. ఇది చక్కెరలో సుమారు 70 శాతం తీపి ఇస్తుంది, రక్తంలో గ్లూకోజ్‌ను దాదాపు పెంచదు. దీనికి రెండు చిక్కులున్నాయి. పలుకులుగా వేస్తే చల్లారాక పంటికింద కరకరలాడుతుంది, అందుకని మిక్సీలో మెత్తని పొడి చేసుకోవాలి. నోట్లో కాస్త చల్లగా అనిపిస్తుంది. కోకో, కొబ్బరి ఆ చల్లదనాన్ని చాలావరకు కప్పేస్తాయి.

కావలసినవి (7 అంగుళాల కేక్, రెండు పొరలు)

కేక్ కోసం:
బాదం పిండి - 150 గ్రాములు
కొబ్బరి పిండి - 40 గ్రాములు
తీపి కలపని కోకో పొడి - 50 గ్రాములు
పొడి చేసిన ఎరిత్రిటాల్ - 120 గ్రాములు
బేకింగ్ పౌడర్ - 2 టీస్పూన్లు
ఉప్పు - పావు టీస్పూన్
గుడ్లు - 5 (ఫ్రిజ్‌లోంచి ముందే తీసి పెట్టుకోవాలి)
కరిగించిన వెన్న - 100 గ్రాములు
చిక్కని కొబ్బరి పాలు - 150 మిల్లీలీటర్లు
వెనిలా ఎసెన్స్ - 1 టీస్పూన్

కొబ్బరి మిశ్రమం కోసం:
ఫ్రెష్ క్రీమ్ - 200 మిల్లీలీటర్లు
గుడ్డు సొనలు (పచ్చవి మాత్రమే) - 3
వెన్న - 60 గ్రాములు
పొడి చేసిన ఎరిత్రిటాల్ - 60 గ్రాములు
ఎండుకొబ్బరి పొడి - 100 గ్రాములు
సన్నగా తరిగిన వాల్‌నట్స్ - 40 గ్రాములు (అసలు రెసిపీలో పీకన్ గింజలు వేస్తారు)

చేసే విధానం

1. ఓటీజీని 170 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు వేడి చేయండి. రెండు టిన్నులకు వెన్న రాసి, అడుగున బటర్ పేపర్ వేయండి. ఈ కేక్ అడుగున అంటుకుంటే రాకుండా విరిగిపోతుంది, పేపర్ మానేయొద్దు.

2. బాదం పిండి, కొబ్బరి పిండి, కోకో, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి జల్లించండి. బాదం ఇంట్లో పొడి చేసుకునేటట్లయితే పొట్టు తీసి బాగా ఆరబెట్టి, మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది.

3. గుడ్లు, ఎరిత్రిటాల్ పొడి కలిపి రంగు తేలి నురగ వచ్చేదాకా నాలుగైదు నిమిషాలు గిలకొట్టండి. కేక్ తేలిగ్గా రావడానికి ఈ గాలే ఆధారం.

4. గోరువెచ్చటి వెన్న, కొబ్బరి పాలు, వెనిలా వేసి, పొడి పదార్థాలు రెండు విడతలుగా నెమ్మదిగా కలపండి. ఐదు నిమిషాలు వదిలేయండి. కొబ్బరి పిండి తడి పీల్చుకుని చిక్కబడుతుంది. మరీ గట్టిపడితే రెండు చెంచాల కొబ్బరి పాలు కలపొచ్చు.

5. రెండు టిన్నుల్లో సమానంగా పోసి 25 నిమిషాలు బేక్ చేయండి. మధ్యలో టూత్‌పిక్ గుచ్చితే తడి పిండి అంటకూడదు, ఒకటి రెండు పొడి రవ్వలు అంటితే ఫర్వాలేదు. ఇంకా ఉంచితే ఎండిపోతుంది.

6. పూర్తిగా చల్లారాకే టిన్నులోంచి తీయండి. గ్లూటెన్ లేదు కాబట్టి వేడి మీద తీస్తే ముక్కలవుతుంది. రెండో ఆదివారం నా ఓపిక లేకపోవడం వల్ల పోయిన కేక్ ఇలాంటిదే.

7. మందపాటి గిన్నెలో క్రీమ్, గుడ్డు సొనలు, ఎరిత్రిటాల్ ముందు బాగా కలిపి, వెన్న వేసి సన్నని సెగ మీద తిప్పుతూ ఉండండి. ఎనిమిది పది నిమిషాల్లో గరిటెకు పూతలా పట్టేంత చిక్కబడుతుంది. ఉడకనిస్తే సొనలు విరిగిపోతాయి, బుడగ వచ్చేలోపే దించేయండి. కొబ్బరి పొడి, వాల్‌నట్స్ కలిపి చల్లార్చండి.

8. ఒక కేక్ మీద సగం మిశ్రమం పరచి, రెండోది దాని మీద పెట్టి, మిగతాది పైన పరచండి. రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే ముక్కలు చక్కగా తెగుతాయి.

ఓటీజీ లేకపోతే కుక్కర్ గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున స్టాండ్ పెట్టి, పది నిమిషాలు వేడిచేసి, ఒక్కో టిన్ను విడిగా సన్నని సెగ మీద పెట్టండి. సుమారు 40 నిమిషాలు పడుతుంది, అరగంట నుంచీ టూత్‌పిక్‌తో చూస్తూ ఉండండి.

ఇప్పుడు లెక్క

పీచు తీసేసి, ఎరిత్రిటాల్‌ను లెక్కలోకి తీసుకోకుండా చూస్తే మొత్తం కేకులో కార్బ్స్ సుమారు 65 గ్రాములు. దీన్ని 24 చిన్న ముక్కలు చేస్తే ముక్కకు మూడు గ్రాముల లోపే. అదే కేక్ 200 గ్రాముల మైదా, కేకులోనూ కొబ్బరి మిశ్రమంలోనూ కలిపి 400 గ్రాముల చక్కెరతో చేస్తే ఆ రెండింటివే 550 గ్రాములు. అంటే ముక్కకు దాదాపు 23. మీరు కొన్న ప్యాకెట్ల మీది అంకెలు కొంచెం తేడాగా ఉండొచ్చు. వాటినే లెక్కలోకి తీసుకోండి, ముక్కల్ని వంటింటి త్రాసులో తూచండి.

ఇక్కడ నాలుగు జాగ్రత్తలు చెప్పాలి.

మొదటిది: కార్బ్స్ తక్కువ అంటే కేలరీలు తక్కువ అని కాదు. బాదం, వెన్న, కొబ్బరి వల్ల ఈ చిన్న ముక్కలోనే దాదాపు 190 కిలోకేలరీలు ఉంటాయి. ఇది పండుగ వంట, రోజూ టిఫిన్ బాక్సులో పెట్టేది కాదు.

రెండోది: ఎరిత్రిటాల్ ఎక్కువైతే కడుపులో ఇబ్బంది, విరేచనాలు రావచ్చు. యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2023లో దీనికి పెట్టిన పరిమితి రోజుకు కిలో శరీర బరువుకు అర గ్రాము. 25 కిలోల బిడ్డకు అది పన్నెండున్నర గ్రాములు. మన చిన్న ముక్కలో ఏడున్నర ఉంటుంది. కాబట్టి పిల్లలకు ఒక్క ముక్కే.

మూడోది: "షుగర్ ఫ్రీ" అని రాసిన ప్రతిదీ ఒకటి కాదు. అలాంటి కొన్ని చాక్లెట్లలో మాల్టిటాల్ ఉంటుంది, అది రక్తంలో గ్లూకోజ్‌ను కొంత పెంచుతుంది. బెల్లం, తేనె, ఖర్జూరం సంగతి కూడా అంతే. "బెల్లంతో చేశాం, ఫర్వాలేదు" అని చాలామంది నాతో అన్నారు. బెల్లంలో ఉండేది కూడా ఎక్కువ భాగం చక్కెరే.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది: మధుమేహం ఉన్న బిడ్డకు షుగర్ పడిపోయినప్పుడు ఈ కేక్ పెట్టకూడదు. చెమటలు, వణుకు, ఆకలి, చిరాకు, తల తిరగడం కనిపించి మీటర్‌లో 70 కంటే తక్కువ చూపిస్తే వెంటనే పనిచేసే చక్కెర కావాలి. గ్లూకోజ్ పొడి, నీళ్లలో కలిపిన పంచదార, పండ్ల రసం లాంటివి. సాధారణంగా 15 గ్రాములు ఇచ్చి 15 నిమిషాల తర్వాత మళ్లీ చూస్తారు, చిన్నపిల్లలకు డాక్టర్ ఇంకా తక్కువ చెప్పొచ్చు. బిడ్డని ఒంటరిగా ఎక్కడికీ పంపొద్దు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంకో మాట. ఈ రెసిపీ చూసి పిల్లల భోజనంలో అన్నం, రొట్టె మానిపించకండి. ఎదిగే పిల్లల ఆహారాన్ని, ఇన్సులిన్‌ను మార్చాల్సింది డాక్టర్, డైటీషియన్ మాత్రమే.

పుట్టినరోజు నాడు

క్లాసులో 40 మంది. రెండు కేకులు చేశాను. ముందు రోజే క్లాస్ గ్రూపులో "ఇందులో గుడ్లు, బాదం, వాల్‌నట్స్, కొబ్బరి, పాల పదార్థాలు ఉన్నాయి, ఎవరికైనా పడదా?" అని అడిగాను. ఒక బాబుకి బాదం పడదని, ఇద్దరి ఇళ్లలో గుడ్డు తినరని తెలిసింది. ఆ బాబు విషయం అంతవరకూ నాకు తెలియదు. అడగకపోతే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

మళ్లీ ముగ్గురిని పక్కన కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకని కొబ్బరి ఉండలు కూడా చేశాను. 100 గ్రాముల ఎండుకొబ్బరి పొడి, రెండు పెద్ద చెంచాల కోకో, 40 గ్రాముల ఎరిత్రిటాల్ పొడి, ఉండ కట్టడానికి సరిపడా చిక్కని కొబ్బరి పాలు. ఇవి కలిపి 15 ఉండలు చేసి ఫ్రిజ్‌లో పెట్టడమే. గుడ్డు లేదు, బాదం లేదు, పొయ్యి అక్కర్లేదు. ఉండకు కార్బ్స్ ఒక గ్రాము చుట్టూ. మా క్లాసుకి మూడింతలు చేశాను. కేకుకి వాడిన గిన్నెలు, చెంచాలు తగలకుండా వీటిని ముందే విడిగా చేసి మూతపెట్టాను. అందరికీ తలా ఒక ఉండ ఇచ్చి, ఆ ముగ్గురికి కేక్ బదులు ఇంకొకటి ఇచ్చాను.

డబ్బా మూత మీద ఒక చీటీ అంటించాను: "కేక్ ముక్క - 3 గ్రాములు, ఉండ - 1 గ్రాము." పాప అది చదివి వాళ్ల అమ్మకి ఫోన్‌లో చెప్పింది, ఆవిడ ఏం చేయాలో చెప్పారు. వెనక బెంచీ అబ్బాయి ఒకడు "మిస్, ఇది డైట్ కేకా?" అని అడిగాడు. నేను జవాబిచ్చేలోపే పాప "కాదు, నా బర్త్‌డే కేక్" అంది.

తల్లిదండ్రులకు మూడు విన్నపాలు

సీబీఎస్ఈ 2017లోనే మధుమేహం ఉన్న విద్యార్థులు బోర్డు పరీక్ష హాల్లోకి షుగర్ టాబ్లెట్లు, పండ్లు, స్నాక్స్, నీళ్లు తీసుకెళ్లడానికి అనుమతించింది. 2025 మేలో పిల్లలు తినే పదార్థాల్లో చక్కెర ఎంతో చూపించే షుగర్ బోర్డులు పెట్టమని స్కూళ్లకు చెప్పింది. మన వంతుగా మనం చేయగలిగినవి ఇవి:

1. పుట్టినరోజుకి క్లాసుకి ఏది పంపినా, అందులో ఏమేం ఉన్నాయో ఒక చీటీ పెట్టండి. కొన్నదైతే ప్యాకెట్ లేబుల్ ఫోటో తీసి ముందు రోజే టీచర్‌కి పంపండి. ముక్క ఎంత బరువో తెలిస్తే మరీ మంచిది.

2. మీ బిడ్డకు మధుమేహం, అలర్జీ, ఇంకే ఇబ్బంది ఉన్నా క్లాస్ టీచర్‌కి రాతపూర్వకంగా చెప్పండి. షుగర్ పడిపోతే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఒకే పేజీలో రాసి ఇవ్వండి. దాచాల్సిన విషయం కాదు.

3. మీ పిల్లలతో ఇంట్లో ఈ సంగతి మాట్లాడండి. క్లాసులో ఎవరైనా వేలికి చిన్న సూది గుచ్చుకుని మీటర్ చూసుకుంటుంటే అది కళ్లద్దాలు పెట్టుకోవడం లాంటిదేనని చెప్పండి.

ఈ నెల బాలల దినోత్సవానికి మీరు ఈ కేక్ చేస్తే ఎలా వచ్చిందో డైరీలో రెండు ముక్కలు రాసి పంపండి. మొదటిసారి రాలిపోతే దిగులు పడకండి. నాది మూడో ఆదివారానికి కుదిరింది.